ముప్పై రెండో జవాబు పత్రం: దూరవిద్య పరీక్షల అధికారులకు బహిరంగ లేఖ

దూరవిద్య కోర్సులు నడుపుతున్న విశ్వవిద్యాలయాల ఉపకులపతులకు, పరీక్షల నియంత్రణాధికారులకు నమస్కారం.

కొన్నేళ్ల కిందట మూల్యాంకన శిబిరంలో నా ముందుకు ఒక జవాబు పత్రాల కట్ట వచ్చింది. గణాంకశాస్త్రం పేపరు. ఒకే పరీక్ష కేంద్రం నుంచి వచ్చిన ముప్పై రెండు పత్రాలు. నాలుగో ప్రశ్నలో ప్రామాణిక విచలనం కనుక్కోవాలి. మొదటి పత్రం రాసినవారు మూడో సోపానంలో 48కి బదులు 84 వేశారు. పొరపాటు ఎవరికైనా జరుగుతుంది కదా అని, సరిగా ఉన్న సోపానాలకు మార్కులు వేసి పేజీ తిప్పాను. రెండో పత్రంలోనూ మూడో సోపానంలో 84. మూడో పత్రంలోనూ అంతే. ఇలా ముప్పై ఒక్క పత్రాల్లో అదే చోట అదే తారుమారైన అంకె, అక్కడి నుంచి చివరి దాకా అదే తప్పు దారి, అదే తప్పు జవాబు. ముప్పై రెండో పత్రంలో మాత్రం 48 సరిగ్గా ఉంది. ఆ అభ్యర్థి లెక్క పూర్తి చేయలేకపోయారు. వర్గమూలం దగ్గరికి వచ్చేసరికి రాత ఆగిపోయింది. మిగతా ప్రశ్నలకు రాసింది కూడా తక్కువే. కానీ రాసిన ప్రతి వాక్యమూ సొంత వాక్యం. కొట్టివేతలు, మళ్లీ రాసిన పదాలు, అంచున వేసుకున్న చిన్న లెక్కలు చూస్తుంటే ఒక మనిషి కూర్చుని ఆలోచించిన జాడ కనిపిస్తూనే ఉంది. సోపానాల వారీగా మార్కులు కూడితే ఆ ముప్పై ఒక్క మందిలో ప్రతి ఒక్కరికీ ఈ వ్యక్తి కంటే ఎక్కువే వస్తాయి.

నేను నివేదిక రాసి కట్టతో జతచేసి పంపాను. కొన్ని నెలలకు ఆ కేంద్రంలో జరిగిన పరీక్ష మొత్తం రద్దు చేశారని తెలిసింది. ముప్పై రెండు మందికీ రద్దే. ఆ ముప్పై రెండో వ్యక్తి కూడా మళ్లీ ఫీజు కట్టి, పనికి మళ్లీ సెలవు పెట్టి, చదివినదంతా మళ్లీ చదివి రాయాల్సి వచ్చిందన్నమాట. పరీక్ష గదిలో తన చుట్టూ ఉన్నవారు ఒకసారి అన్యాయం చేస్తే, ఆ అన్యాయాన్ని సరిదిద్దాల్సినవాళ్లం మనం రెండోసారి చేశాం. మూల్యాంకనం చేసేవారికి కోడ్ నంబరే కనిపిస్తుంది కాబట్టి ఆ అభ్యర్థి పేరు నాకు తెలియదు. ఈ లేఖ మాత్రం ఆ అభ్యర్థి తరఫునే రాస్తున్నాను.

క్యాంపస్‌లో చదివే విద్యార్థిని అధ్యాపకులు మూడేళ్లపాటు చూస్తారు. తరగతిలో అడిగిన ప్రశ్నలు, ప్రయోగశాలలో చేసిన పొరపాట్లు, సెమినార్లో పడిన తడబాటు, ఇవన్నీ కలిసి ఆ విద్యార్థికి ఏం వచ్చో, ఏం రాదో చెబుతాయి. పరీక్ష ఆ సాక్ష్యాల్లో ఒకటి మాత్రమే. దూరవిద్యలో అలాంటి సాక్షులు లేరు. విద్యార్థి ఏ అర్ధరాత్రి చదివారో, ఏ పాఠం దగ్గర నెల రోజులు ఆగిపోయారో చూసినవారు మీ సంస్థలో ఎవరూ ఉండరు. మీరు ఆ మనిషిని ముఖాముఖి కలిసేది పరీక్ష గదిలోనే. అక్కడ జరిగేది నమ్మదగ్గదిగా లేకపోతే, మీరిచ్చే పట్టా దేనికి సాక్ష్యమో మీరే చెప్పలేరు.

అసలు దూరవిద్య డిగ్రీ పుట్టిందే పరీక్షగా. లండన్ విశ్వవిద్యాలయం 1858లో, ఎక్కడ ఎలా చదువుకున్నా సరే, తన పరీక్ష నెగ్గితే డిగ్రీ ఇస్తానని తలుపులు తెరిచింది. 1865 నాటికి మారిషస్ ద్వీపంలో కూర్చుని ఆ విశ్వవిద్యాలయం పరీక్ష రాసినవారున్నారు. పాఠాలు, అధ్యయన కేంద్రాలు, ప్రసారాలు అన్నీ తర్వాత వచ్చి చేరినవే. నెల్సన్ మండేలా చెరసాలలో ఉంటూనే దూరవిద్యలో న్యాయశాస్త్రం చదివి, 1989లో దక్షిణాఫ్రికా విశ్వవిద్యాలయం నుంచి ఎల్ఎల్‌బీ పూర్తి చేశారు. కళాశాల గుమ్మం తొక్కే వీలు లేని మనిషికి కూడా చదువు అందించగల మార్గం ఇది. నేను పాఠాలు చెప్పినవారిలో రాత్రి షిఫ్టు నుంచి నేరుగా పరీక్షకు వచ్చినవారున్నారు. పిల్లల చదువులు అయ్యాక తమ చదువు మొదలుపెట్టిన తల్లులున్నారు. వాళ్లు పట్టా చేత పట్టుకుని ఉద్యోగానికి వెళ్తే, ఎదుట కూర్చున్నవారు దాన్ని తిప్పి చూసి, ‘దూరవిద్యా?’ అని అడుగుతారు. ఆ ఒక్క మాటలో ఎంత అనుమానం ఉందో మీకూ తెలుసు. కాపీ కొట్టినవారికి ఆ మాట తగలదు, ఎందుకంటే అది నిజమేనని వారికి తెలుసు. రాత్రిళ్లు మేలుకొని చదివినవారికే తగులుతుంది.

అందుకే నేను మొదట అడగదలచింది పరీక్ష కేంద్రాల గురించి. చాలాచోట్ల ప్రవేశాలు చేసుకునే అధ్యయన కేంద్రమే పరీక్ష కేంద్రం కూడా. చేరిన విద్యార్థుల సంఖ్యను బట్టి దానికి ఆదాయం. ‘అక్కడ చేరితే పాసైపోతారు’ అన్న మాట బయటికి పాకితే వచ్చే ఏడాది ప్రవేశాలు పెరుగుతాయి. ఆ రోజు గదిలో నిలబడే ఇన్విజిలేటర్లు ఆ సంస్థ యజమాని దగ్గర జీతం తీసుకునేవారే. కాపీ పట్టుకుంటే సొంత ఉద్యోగానికి ముప్పు, పట్టుకోకపోతే ఎవరూ అడగరు. కంచే చేను మేసే ఏర్పాటును మనమే చేసిపెట్టి, తర్వాత విద్యార్థుల నీతి గురించి ఉపన్యాసాలు ఇస్తున్నాం. ఎదిరించి నిలబడిన ఇన్విజిలేటర్లను నేను చూశాను. మరుసటి సెమిస్టరులో వారికి పిలుపు రాలేదు.

ప్రవేశాల మీద ఆదాయం పొందే సంస్థ తన విద్యార్థులకు తానే పరీక్ష పెట్టకూడదు. ఈ ఒక్క నియమం చిత్తశుద్ధితో అమలు చేస్తే మిగతా పని సగం తగ్గుతుందని నా గట్టి నమ్మకం. దగ్గర్లో ఉన్న రెండు మూడు కేంద్రాల అభ్యర్థులను కలిపి కూర్చోబెట్టండి. పక్కపక్క బల్లల మీద వేర్వేరు కోర్సులవారు ఉండేలా సీట్ల పట్టిక విశ్వవిద్యాలయమే తయారుచేసి పరీక్ష రోజు ఉదయం పంపాలి. ఇన్విజిలేటర్లను వేరే సంస్థల నుంచి చీటీ వేసి ఎంపిక చేయాలి, భత్యం కూడా కేంద్రం చేతుల మీదుగా కాకుండా విశ్వవిద్యాలయం నుంచే అందాలి. ఫ్లయింగ్ స్క్వాడ్ ఏ దారిన వెళ్లాలో ఆ ఉదయమే నిర్ణయించాలి. స్క్వాడ్ వస్తున్నట్టు కేంద్రానికి గంట ముందే కబురు అందితే ఆ తనిఖీ వల్ల ఒరిగేదేమీ లేదు. గదిలో కెమెరా పెట్టామని చెప్పుకొనే కేంద్రాలు చాలా ఉన్నాయి. రికార్డయిన దాన్ని ఎవరైనా తర్వాత చూస్తున్నారా? అన్నీ చూడనక్కర్లేదు, ప్రతి కేంద్రం నుంచి ఏదో ఒక గంట తీసి చూసినా చాలు. ఏ గంట చూస్తారో కేంద్రానికి తెలియకూడదు, అంతే.

కేంద్రాలను మార్చమన్నాను కదా అని అభ్యర్థులను ఊరి చివరకో, వేరే పట్టణానికో తోసేయకండి. దూరవిద్యలో చేరేవారిలో చాలామందికి దూరమే మొదటి అడ్డంకి. చక్రాల కుర్చీలో వచ్చేవారు, పాలు తాగే బిడ్డను వెంట తెచ్చుకునేవారు, రోజు కూలి వదులుకుని వచ్చేవారు ఉంటారు. భద్రత పేరుతో వారిని పరీక్షకే రాకుండా చేస్తే మిగిలేది ఖాళీ గది.

గదిలో కూర్చున్నది ఎవరన్నది తర్వాతి సంగతి. ఒకరి బదులు మరొకరు రాయడం దూరవిద్యలో సులభం, ఎందుకంటే అభ్యర్థి ముఖం తెలిసినవారు ఎవరూ ఉండరు. హాల్ టికెట్ మీద ఫొటో చూస్తున్నాం కదా అంటారు. ప్రవేశం నాడే దరఖాస్తు మీద అసలు విద్యార్థి ఫొటో బదులు పరీక్ష రాసిపెట్టే మనిషి ఫొటో అతికిస్తే, ఆ తర్వాత ఎన్నిసార్లు పోల్చి చూసినా సరిపోతూనే ఉంటుంది. వేలిముద్ర యంత్రం పెట్టినా, మొదట నమోదైనది తప్పు మనిషిదైతే యంత్రం ఆ తప్పునే ప్రతిసారీ ధ్రువీకరిస్తుంది. కాబట్టి గట్టిగా చూడాల్సింది చేరే రోజున. విశ్వవిద్యాలయం మనిషి ఎదుట, అసలు గుర్తింపు పత్రంతో, ఒక ఫొటో, ఒక సంతకం, అప్పటికప్పుడు చేతితో రాయించుకున్న ఒక పేజీ తీసుకుని భద్రపరచండి. ఆ ఒక్క పేజీ దస్తూరి, మూడేళ్ల తర్వాత అనుమానం వచ్చినప్పుడు, ఖరీదైన యంత్రం కంటే ఎక్కువ సాయం చేస్తుంది. ప్రమాదంలో చెయ్యి దెబ్బతిన్నవారు, లేఖరి సాయంతో రాసేవారు కూడా ఉంటారు కాబట్టి దస్తూరి తేడా వచ్చినంత మాత్రాన అదే తీర్పు కాకూడదు. అది అడగడానికి ఒక కారణం మాత్రమే.

ప్రశ్నపత్రం ప్రయాణం గురించి మీకు నేను చెప్పనక్కర్లేదు. రూపొందించేవారు, సరిచూసేవారు, అనువదించేవారు, అచ్చు వేసేవారు, కట్టలు కట్టేవారు, తరలించేవారు, కేంద్రంలో దాచేవారు. గొలుసులో ఎన్ని చేతులుంటే అన్ని కన్నాలు. పత్రాన్ని సంకేతీకరించి పంపి, తెరిచే తాళం మాత్రం పరీక్షకు కాస్త ముందు పంపించే పద్ధతి వల్ల ఈ చేతులు తగ్గుతాయి, మంచిదే. కానీ ఆ ఉదయం కేంద్రంలో ప్రింటర్ మొరాయిస్తే, కరెంటు పోతే, ఒక గదిలో పది గంటలకు, పక్క గదిలో పదకొండున్నరకు పరీక్ష మొదలవుతుంది. ఆ గంటన్నరలో ప్రశ్నలు ఫోనుల్లో తిరుగుతాయి. తిరగకపోయినా, ఎండలో నిలబడి ఎదురుచూసి లోపలికి వెళ్లినవారి మనసు పరీక్ష మీద నిలవదు. కాబట్టి ఆలస్యమైన కేంద్రానికి వేరే పత్రం సిద్ధంగా ఉండాలి. కోల్పోయిన సమయాన్ని నిమిషంతో సహా తిరిగి ఇచ్చే నియమం ముందే రాసిపెట్టి ఉండాలి, అక్కడున్న అధికారి దయ మీద ఆధారపడకూడదు.

వేర్వేరు దేశాల్లో విద్యార్థులున్న కోర్సులకు ఇంకో చిక్కుంది. ఒకచోట పరీక్ష ముగిసేసరికి మరోచోట తెల్లవారుతుంటుంది. 2024 మే నెలలో, అనేక దేశాల పాఠశాలల్లో జరిగే ఇంటర్నేషనల్ బాకలారియట్ పరీక్షల్లో ఇలాగే కొందరు ముందుగా రాసి, ప్రశ్నలను ఇంకా రాయని ప్రాంతాలవారికి అందించిన సంగతి బయటపడింది. కాలమండలాల వారీగా వేర్వేరు పత్రాలు ఇవ్వడానికి పెట్టాల్సిన ఖర్చు, ఒక పరీక్ష పరువు పోయాక చేసే ఖర్చు కంటే తక్కువే.

పత్రాన్ని ఎంత భద్రంగా దాచినా, లోపల ఉన్నవి గత ఐదేళ్ల ప్రశ్నలే అయితే దాచి ప్రయోజనం లేదు. కంప్యూటర్ మీద ప్రతి అభ్యర్థికీ వేర్వేరు ప్రశ్నలు వస్తాయని ధీమాగా చెప్పే సంస్థలు ఒక చిన్న లెక్క వేసుకోవాలి. ప్రశ్నల నిధిలో 60 ప్రశ్నలుండి, ఒక్కొక్కరికి 40 ఇస్తే, ఏ ఇద్దరిని తీసుకున్నా సగటున 26 నుంచి 27 ప్రశ్నలు ఒకటే ఉంటాయి. నిధిలో 400 ఉంటే ఆ ఇద్దరికీ కలిసేవి సగటున నాలుగే. తేడా సాఫ్ట్‌వేర్‌లో లేదు, ప్రశ్నలు రాసే అధ్యాపకులకు మీరిచ్చే సమయంలో, పారితోషికంలో ఉంది. ఇక్కడ న్యాయం సంగతి కూడా మరువకూడదు. లాటరీలో ఒకరికి తేలికవి, మరొకరికి కఠినమైనవి వస్తే అది పరీక్ష అనిపించుకోదు. ప్రతి పాఠ్యభాగం నుంచీ ప్రతి స్థాయి కాఠిన్యం నుంచీ సమానంగా ప్రశ్నలు వచ్చేలా నిధిని ముందుగానే విభజించాలి, ప్రశ్నలను ముందే కొందరి మీద ప్రయోగించి చూడాలి. అనువాదంలో అర్థం మారిపోయిన ప్రశ్నలను నేను ఎన్నో చూశాను. ‘కానిది ఏది’ అన్నచోట ‘అయినది ఏది’ అని పడితే, మాతృభాషలో రాసినందుకు ఆ విద్యార్థి శిక్ష అనుభవిస్తారు.

ఇక ఇంటి నుంచి రాసే పరీక్షలు. 2020లో కొవిడ్ వచ్చినప్పుడు తరగతులతోపాటు పరీక్షలూ తెరల మీదికి వచ్చాయి. వెంటనే, కంప్యూటర్ కెమెరాతో అభ్యర్థి కళ్లను, తల కదలికలను, గదిలో శబ్దాలను గమనించి అనుమానాస్పదమని గుర్తు పెట్టే సాఫ్ట్‌వేర్లు చాలా విశ్వవిద్యాలయాల్లో చేరాయి. ప్రయాణం చేయలేనివారికి ఇంటి పరీక్ష నిజంగా వరం, దాన్ని తీసేయమని నేను అనను. కానీ ఆ గుర్తులను మీరు ఎలా చదువుతున్నారన్నదే నా ఆందోళన.

ఉదాహరణకు పదివేల మంది రాశారనుకుందాం. వారిలో వందమంది కాపీ చేశారు. సాఫ్ట్‌వేర్ చాలా మంచిది, వందలో 90 మందిని పట్టేసింది. నిజాయితీగా రాసినవారి విషయంలో నూటికి అయిదుసార్లు మాత్రమే పొరబడింది. వినడానికి గొప్పగానే ఉంది. నిజాయితీగా రాసినవారు 9,900 మంది కాబట్టి వారిలో అయిదు శాతం అంటే 495 మంది. మొత్తం గుర్తు పడిన 585 మందిలో దోషులు 90 మందే. దాదాపు ప్రతి ఆరుగురిలో అయిదుగురు ఏ తప్పూ చేయనివారు. కాపీ చేసేవారు ఎంత తక్కువగా ఉంటే ఈ పొరపాటు అంత పెరుగుతుంది. ఈ లెక్క చూశాక కూడా, యంత్రం పెట్టిన ఎర్ర గుర్తు ఆధారంగా ఎవరి ఫలితాన్నైనా నిలిపేయడానికి మీ చెయ్యి ఎలా వస్తుంది?

పైగా ఆ పొరపాట్లు అందరి మీదా సమానంగా పడవు. 2018లో జాయ్ బులామ్విని, టిమ్నిట్ గెబ్రూ అనే పరిశోధకులు ముఖాన్ని చూసి స్త్రీయా పురుషుడా చెప్పే మూడు వాణిజ్య వ్యవస్థలను పరీక్షించారు. లేతరంగు పురుషుల విషయంలో తప్పులు 0.8 శాతం దాటలేదు. ముదురురంగు స్త్రీల విషయంలో 34.7 శాతం దాకా వెళ్లాయి. అది పరీక్షల సాఫ్ట్‌వేర్ మీద చేసిన పరిశోధన కాదు, కానీ ముఖాన్ని చదివే ఏ యంత్రాన్నైనా కొనేముందు అడగాల్సిన ప్రశ్నను మన చేతికి ఇచ్చింది: ఇది ఎవరి ముఖాల మీద పరీక్షించి తయారుచేశారు? ఆలోచించేటప్పుడు పైకి చూసేవారున్నారు, పెదవులు కదుపుతూ చదివేవారున్నారు, కండరాలు తమంతట తామే అదిరే జబ్బు ఉన్నవారున్నారు. చూపు లేనివారు తెర మీది అక్షరాలను వినిపించే సాఫ్ట్‌వేర్ వాడతారు, పరీక్ష వేళ కంప్యూటర్‌లో మరేదీ తెరవనివ్వని కొన్ని బ్రౌజర్లు దాన్నే అడ్డుకుంటాయి. ఒకే గదిలో అయిదుగురు ఉండే ఇంట్లో వెనక ఎవరూ నడవకూడదంటే ఎలా? అమెరికాలో ఒహాయోలోని ఒక ఫెడరల్ న్యాయస్థానం 2022 ఆగస్టులో, పరీక్షకు ముందు విద్యార్థి గదినంతా కెమెరాతో చూపించమనడం అక్కడి రాజ్యాంగం ప్రకారం అకారణ సోదా అవుతుందని తీర్పు చెప్పింది. ఇల్లు పరీక్ష హాలు కాదు, అక్కడికి మీరు అతిథులుగా వెళ్తున్నారు. ఇంటి నుంచి రాయలేనివారికి, రాయడం ఇష్టం లేనివారికి దగ్గర్లో కేంద్రం ఉండాలి. యంత్రం గుర్తు పెడితే ఆ భాగాన్ని ఒక మనిషి చూడాలి, అభ్యర్థికి చూపించాలి, వారి మాట వినాలి. పని పూర్తయ్యాక ఆ రికార్డింగ్‌ను ఎప్పుడు చెరిపేస్తారో రాతపూర్వకంగా చెప్పాలి.

అసైన్‌మెంట్ల సంగతి ఇంకా కష్టం. డబ్బు తీసుకుని వ్యాసాలు రాసిపెట్టే వ్యాపారం పాతదే. దాన్ని ఆస్ట్రేలియా 2020లో, ఇంగ్లండ్ 2022లో చట్టవిరుద్ధం చేశాయి. 2022 నవంబరులో చాట్‌జీపీటీ వచ్చాక ఆ సేవ దాదాపు ఉచితమైంది. కంగారులో చాలామంది, రాసింది మనిషా యంత్రమా అని చెప్పే సాధనాలను నమ్ముకున్నారు. చాట్‌జీపీటీని చేసిన ఓపెన్‌ఏఐ సంస్థే అలాంటి సాధనాన్ని 2023లో విడుదల చేసి, సరిగా పనిచేయడం లేదని అదే ఏడాది జులైలో వెనక్కి తీసుకుంది. స్టాన్‌ఫర్డ్ పరిశోధకులు అదే ఏడాది ఏడు సాధనాలను పరీక్షించినప్పుడు, ఇంగ్లిష్ మాతృభాష కానివారు టోఫెల్ అనే ఇంగ్లిష్ ప్రావీణ్య పరీక్ష కోసం సొంతంగా రాసిన వ్యాసాల్లో సగటున 61 శాతాన్ని యంత్రం రాసినవిగా ముద్ర వేశాయి. కష్టపడి నేర్చుకున్న భాషలో, తెలిసిన కొద్ది మాటలతో, సాదా వాక్యాల్లో రాసినందుకు ఆ ముద్ర. మన విద్యార్థుల్లో ఎక్కువమంది అలా రాసేవారే. ఆ సాధనాల అంకెను సాక్ష్యంగా తీసుకోకండి, దయచేసి.

దానికి బదులు విద్యార్థితో పది నిమిషాలు మాట్లాడండి. ఈ వాక్యం ఎందుకు రాశారు, ఈ ఉదాహరణ ఎక్కడ దొరికింది, ఇక్కడ ఈ సంఖ్య మారితే ఏమవుతుంది అని అడిగితే, సొంతంగా రాసినవారు తడబడుతూనైనా దారి పట్టుకుంటారు. అరువు రాత రాసినవారు మొదటి ప్రశ్నకే ఆగిపోతారు. ఆరువందల మందికి పది నిమిషాల చొప్పున వంద గంటలు పడుతుంది, అంత తీరిక లేదంటారు. ప్రతి పదిమందిలో ఒకరిని లాటరీ తీసి పిలిస్తే పది గంటల పని. పిలుపు ఎవరికైనా రావచ్చని తెలిస్తే అందరూ చదువుకునే వస్తారు. నత్తి ఉన్నవారు, భయస్తులు నష్టపోకుండా ఒక జాగ్రత్త తీసుకోవాలి. ఆ మాటలకు మార్కులు వేయకండి. రాసింది తమదేనా అన్నది తేల్చుకోవడానికే అడగండి. నోరు పెగలనివారికి రాసి చెప్పే వీలు ఇవ్వండి.

మూల్యాంకనం గురించి నేను సొంత అనుభవంతో చెప్పగలను. చైనాలో సోంగ్ రాజవంశం కాలంలోనే, అంటే సుమారు వెయ్యేళ్ల కిందట, ప్రభుత్వ పరీక్షల్లో అభ్యర్థి పేరు కనిపించకుండా అంటించేవారు. దస్తూరి బట్టి కూడా గుర్తుపట్టకూడదని, జవాబులన్నిటినీ రాయసగాళ్లతో తిరిగి రాయించి ఆ ప్రతులనే పరీక్షకులకు ఇచ్చేవారు. అంత శ్రద్ధ అప్పుడే చూపారు. మన శిబిరంలో అయిదు గంటల్లో యాభై పత్రాలు దిద్దమంటే ఒక్కో పత్రానికి దక్కేది ఆరు నిమిషాలు. మూడు గంటలు రాసిన మనిషికి ఆరు నిమిషాలు. ఆ వేగంలో మూడో సోపానంలో 84ను ముప్పై ఒక్కసార్లు గమనించడం అసాధ్యం. ఆ రోజు నా కట్ట చిన్నది కాబట్టి కనిపించింది, అంతే. పారితోషికం పత్రాల లెక్కన ఇచ్చినంత కాలం ఇది మారదు.

బహుళైచ్ఛిక ప్రశ్నలున్న చోట ఈ పనిలో కంప్యూటర్ నిజంగా ఉపయోగపడుతుంది. ఇద్దరి సరైన జవాబులు కలిస్తే అందులో వింత లేదు, చదివినవారందరూ అదే రాస్తారు. తప్పు జవాబులు, అందులోనూ అరుదైన తప్పులు, పక్కపక్కన కూర్చున్నవారిలో వరసగా కలిస్తే అప్పుడు అడగాలి. ఈ పోలికను ప్రతి కేంద్రానికీ, ప్రతి పరీక్షకూ నడపవచ్చు. కానీ ఎవరు ఎవరిని చూసి రాశారో అంకెలు చెప్పవు. తన పత్రాన్ని పక్కవారు చూస్తున్నారని కూడా తెలియని మనిషి ఆ జంటలో ఉండవచ్చు. సీట్ల పట్టిక, ఇన్విజిలేటర్ నివేదిక, అభ్యర్థుల మాట, అన్నీ కలిపి చూశాకే ఒక్కొక్కరి విషయం విడివిడిగా తేల్చాలి.

నా ఆవేదనంతా ఇక్కడే ఉంది. కేంద్రం మొత్తాన్ని రద్దు చేయడం పాలనకు సులభం. పత్రికా ప్రకటన ఇచ్చి, కఠినంగా ఉన్నామని చెప్పుకోవచ్చు. కానీ ఎలుకలున్నాయని ఇల్లు తగలబెట్టుకోం కదా. ప్రశ్నపత్రమే బయటికి పొక్కి, ఎవరు చూశారో తేల్చే వీలే లేనప్పుడు రద్దు తప్పదు, ఒప్పుకుంటాను. అప్పుడు కూడా మళ్లీ రాసేవారి నుంచి ఫీజు తీసుకోకండి, తేదీ వారాల్లో ఇవ్వండి, నెలల్లో కాదు. మిగతా సందర్భాల్లో అభియోగం ఏమిటో రాతపూర్వకంగా చెప్పి, ఆధారం చూపించి, జవాబు చెప్పుకోవడానికి గడువు ఇచ్చి, నిర్ణయానికి కారణాలు రాసి ఇవ్వండి. అప్పీలు వినేవారు మొదటి నిర్ణయం చేసినవారు కాకూడదు. ఫలితం నిలిపివేతకు ఒక గరిష్ఠ గడువు పెట్టండి. ‘విచారణలో ఉంది’ అన్న రెండు మాటల కింద ఏడాదిపాటు నలిగి, వచ్చిన ఉద్యోగం వదులుకున్నవారు నాకు తెలుసు. చివరికి వారిమీద ఏమీ తేలలేదు. ఏమీ తేలలేదని చెప్పే లేఖ కూడా వారికి అందలేదు.

ప్రతి పరీక్షల విడత తర్వాత ఒక పేజీ ప్రచురించండి. ఎన్ని కేంద్రాలు తనిఖీ చేశారు, ఎన్ని అభియోగాలు వచ్చాయి, ఎన్ని రుజువయ్యాయి, ఎన్ని వీగిపోయాయి, అప్పీళ్లకు ఎన్ని రోజులు పట్టింది. ఆ అంకెలు బాగా లేకపోయినా ఫర్వాలేదు. దాచిన అంకె కన్నా చెడ్డ అంకె మేలు, ఎందుకంటే మరుసటి ఏడాది దానితో పోల్చి చూసుకోవచ్చు. మన పట్టాను తిప్పి చూసేవారికి చూపించడానికి కూడా మనకు ఏదో ఒకటి చేతిలో ఉంటుంది.

ఆనాటి నివేదికలో నేను చివర ఒక వాక్యం రాశాను: ‘ముప్పై రెండో పత్రం మిగతావాటితో కలవదు, దయచేసి దాన్ని విడిగా పరిశీలించగలరు.’ ఆ వాక్యాన్ని ఎవరైనా చదివారో లేదో ఇప్పటికీ నాకు తెలియదు, నాకు ఏ జవాబూ రాలేదు. అలాంటి వాక్యం ఇకమీదట మీ కార్యాలయానికి వస్తే దాన్ని ఎవరు చదువుతారు, ఎన్ని రోజుల్లో జవాబు ఇస్తారు? మీ ప్రతి ఒక్కరి నుంచీ దీనికి సమాధానం కోరుతున్నాను.

ఇట్లు,
దూరవిద్య విద్యార్థుల జవాబు పత్రాలు దిద్దుతున్న ఒక అధ్యాపకురాలు